మారిషస్ దీవి మొక్కలు, పురుగులు: తరచుగా అడిగే ప్రశ్నలు

మారిషస్ చూసివచ్చిన తెలుగువారు సముద్రం గురించి ఎంత చెబుతారో, అక్కడి పచ్చదనం గురించి కూడా అంతే చెబుతారు. ఆ పచ్చదనంలో దీవి సొంతమైనది ఎంత, ఓడల్లో మనుషులు మోసుకొచ్చినది ఎంత అన్నది తెలిస్తే మాత్రం ఆ దీవిని చూసే చూపు మారిపోతుంది. ఎక్కువమంది అడిగే ప్రశ్నలను, వాటికి నాకు తెలిసినంతలో జవాబులను ఇక్కడ కూర్చాను.

దీవి అంతా పచ్చగానే కనిపిస్తుంది కదా, అడవికి వచ్చిన కొరత ఏమిటి?

ఆ పచ్చదనంలో చాలా భాగం చెరకు తోటలదే. విమానాశ్రయం దాటి బయటికి రాగానే రోడ్డుకు ఇరువైపులా చెరకు, తీరం వెంబడి సరుగుడు తోపులు, ఇళ్ళ ముందు మామిడి, పనస, లీచీ, కంచెల మీద కాగితపూలు కనిపిస్తాయి. వీటిలో ఒక్కటి కూడా ఆ దీవిలో దానంతట అది పుట్టినది కాదు. చెరకును 1639లో డచ్చివారు జావా నుంచి తెచ్చారు. అంతకు ముందు ఏడాది వారు అక్కడ స్థిరపడేనాటికి, 1,865 చదరపు కిలోమీటర్ల ఆ దీవిని దాదాపు పూర్తిగా అడవే కప్పి ఉంది. మొదట నల్లచేవ కలప కోసం, తర్వాత ఫ్రెంచివారి పాలనలోను, 1810 నుంచి ఆంగ్లేయుల పాలనలోను చెరకు సాగు కోసం ఆ అడవిని నరుకుతూ పోయారు. ఇవాళ మంచి స్థితిలో మిగిలిన స్థానిక అడవి దీవి విస్తీర్ణంలో 2 శాతం కూడా లేదు. అందులో చెప్పుకోదగ్గ భాగం నైరుతి దిక్కున ఉన్న కొండల్లో, 1994లో ఏర్పాటైన బ్లాక్ రివర్ గార్జెస్ జాతీయ ఉద్యానవనంలో ఉంది.

స్థానికమైన మొక్క అంటే ఏమిటి? తెచ్చి నాటిన మొక్కను ఎలా గుర్తుపట్టాలి?

అగ్నిపర్వతం నుంచి పుట్టిన దీవి కాబట్టి మొదట అక్కడ ఏ మొక్కా లేదు. సముద్రపు అలల మీద తేలివచ్చిన గింజ, గాలికి కొట్టుకొచ్చిన విత్తనం, పక్షి కడుపులో ప్రయాణించిన పండు వేళ్ళూనుకుని, లక్షల ఏళ్ళలో మారుతూ వచ్చాయి. అలా మనిషి సాయం లేకుండా చేరినవి స్థానిక మొక్కలు. వాటిలో కొన్ని మారిషస్‌లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా కనిపించనంతగా వేరుపడ్డాయి. పూలు పూసే స్థానిక జాతులు దాదాపు 690 ఉండగా, వాటిలో ఇంచుమించు 270 ఆ ఒక్క దీవికే పరిమితమైనవి.

కంటితో గుర్తుపట్టడం కొత్తవారికి కష్టమే అయినా ఒక ఆనవాలు ఉంది. అక్కడి స్థానిక చెట్లలో అనేకం పసిమొక్కగా ఉన్నప్పుడు ఒక రకం ఆకులను, పెద్దయ్యాక పూర్తిగా వేరే రకం ఆకులను వేస్తాయి. చిన్న మొక్క ఆకు సన్నగా, గోధుమరంగులో, ఎండిపోయిందేమో అనిపించేలా ఉంటే, అదే మొక్క నిలువెత్తు దాటాక గుండ్రని పచ్చటి ఆకులు తొడుగుతుంది. ఒకప్పుడు దీవి నిండా తిరిగిన పెద్ద తాబేళ్ళ నోటికి అందే ఎత్తు వరకు ఈ మారువేషం సాగుతుందని, అది వాటి నుంచి తప్పించుకునే ఉపాయమని ఒక వివరణ ఉంది. తాబేళ్ళు అంతరించిపోయి చాలా కాలమైనా, చెట్లు మాత్రం ఇంకా ఆ జాగ్రత్త పడుతూనే ఉన్నాయి.

నల్లచేవ చెట్టుకు, మన తునికికి సంబంధం ఉందని విన్నాను, నిజమేనా?

నిజమే. తెలంగాణ అడవుల్లో బీడీ ఆకు కోసే తునికి చెట్టు, మారిషస్ నల్లచేవ చెట్టు ఒకే ప్రజాతికి చెందినవి. మన తునికిలో ఆకుకు విలువ ఉంటే, మారిషస్ చెట్టుకు దాని నల్లటి చేవే శాపమైంది. డచ్చివారు ఆ కలపను ఓడల కొద్దీ తరలించారు.

ఆగ్నేయ తీరానికి దగ్గరలో ఇల్ ఒ జెగ్రెత్ అనే 26 హెక్టార్ల చిన్న దీవి ఉంది. దాని మీద ఇంకొక రకం నల్లచేవ చెట్లు మిగిలాయి కానీ, పండ్లు తల్లిచెట్టు కిందే రాలి కుళ్ళిపోయేవి, కొత్తచోట మొలకలు వచ్చేవి కావు. ఆ పండ్లు తిని గింజలను దూరాన విడిచిపెట్టే పెద్ద తాబేళ్ళు లేకపోవడమే దానికి కారణం. 2000 నుంచి అల్డాబ్రా దీవి జాతి పెద్ద తాబేళ్ళను తెచ్చి అక్కడ వదిలారు. అవి పండ్లు తిని తిరుగుతూ ఉంటే, వాటి పేడలో పడిన గింజలు చక్కగా మొలకెత్తాయి. అంతరించిన జంతువు చేసే పనిని దానికి చుట్టమైన ఇంకో జంతువు చేత చేయించడం సాధ్యమేనని ఆ మొలకలు నిరూపించాయి.

డోడో పక్షి పోవడం వల్ల ఒక చెట్టు మొలకెత్తడమే మానేసిందని బడిలో చదువుకున్నాం. అది సరైనదేనా?

ఈ ప్రశ్న అందరికంటే ఎక్కువగా బడిపంతుళ్ళు అడుగుతారు. ఆ చెట్టు పేరు తంబలకోక్. మన సపోటా, ఇప్ప, పాల చెట్ల కుటుంబానికే చెందినది. 1977లో స్టాన్లీ టెంపుల్ అనే శాస్త్రవేత్త, దీవిలో 300 ఏళ్ళు దాటిన ముసలి చెట్లు 13 మాత్రమే మిగిలాయని, డోడో కడుపులో గింజ పైపెంకు అరిగితే తప్ప అది మొలవదని ప్రతిపాదించారు. కథ వినసొంపుగా ఉండడంతో పాఠ్యపుస్తకాల దాకా పాకింది.

తర్వాత వచ్చిన పరిశోధకులు దాన్ని ఒప్పుకోలేదు. చెట్లు 13 కాదు, కొన్ని వందలు ఉన్నాయి. డోడో 17వ శతాబ్దంలోనే అంతరించిపోగా, అంతకంటే చాలా చిన్న వయసున్న చెట్లు కూడా వాటిలో ఉన్నాయి. గింజ పక్షి కడుపులోకి వెళ్ళకుండానే మొలకెత్తగలదు. చెట్టు తగ్గిపోవడానికి అడవి నరికివేత, పండ్లను పాడుచేసే కోతులు, మొలకలను తొక్కి పెరికే పందులు, జింకలు, మొలకలకు నీడపట్టే విదేశీ పొదలు అసలు కారణాలు. డోడో ఆ పండు తినలేదని చెప్పడం కూడా తొందరపాటే అవుతుంది. పిల్లలకు చెప్పేటప్పుడు ఒక్క పక్షి, ఒక్క చెట్టు అన్న కథ కంటే ఇన్ని కారణాలు కలిసిన నిజాన్ని చెప్పడమే మంచిదని నేను గట్టిగా నమ్ముతాను.

డోడో ఎముకలు 1865లో గుట్టలుగా దొరికిన చిత్తడినేల పేరు మార్ ఒ సోంజ్. సోంజ్ అంటే మన చామ. చామ మొక్కలు పెరిగే మడుగు అని ఆ పేరుకు అర్థం.

అక్కడ పూలకు తేనెటీగల బదులు బల్లులు పరాగసంపర్కం చేస్తాయా?

కొన్ని పూలకు చేస్తాయి. మారిషస్ జీవజాలంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకున్న విషయం ఇదే కాబట్టి కొంచెం విస్తరంగా చెబుతాను.

ఖండానికి దూరంగా ఉన్న దీవులకు అన్ని రకాల కీటకాలు చేరలేవు. కీటకాలు తక్కువైన చోట తేనె ఖాళీగా ఉండిపోతే, దాన్ని వేరే జీవులు అలవాటు చేసుకుంటాయి. మారిషస్‌లో పగటిపూట తిరిగే పచ్చటి బల్లులు అలా తేనెకు అలవాటుపడ్డాయి. నీలి తోక, పచ్చటి ఒంటి మీద ఎర్రటి మచ్చలు ఉన్న ఒక జాతి, రుస్సియా అనే కొండ అడవి మొక్క పూలను వెతుక్కుంటూ వస్తుంది. పసుపుపచ్చ గంట ఆకారపు పువ్వులోకి తల దూర్చి తేనె నాకేటప్పుడు తల మీద పుప్పొడి అంటుకుంటుంది, ఇంకో పువ్వులో తల పెట్టినప్పుడు అక్కడ రాలుతుంది. అదే బల్లి ఆ మొక్క పండులో ఊరే జిగురుగుజ్జును నాకి, అందులోని సన్నటి గింజలను కూడా వేరేచోట విసర్జిస్తుంది. పువ్వుకు, పండుకు రెండింటికీ ఒకే జీవి సేవ చేయడం ప్రపంచంలో చాలా అరుదు.

మారిషస్ జాతీయ పుష్పం ట్రొకీషియా కూడా ఈ విషయంలో వింతైనదే. అది మన గోగు, బెండ, మందారల కుటుంబానికి చెందిన పొద. దాని తేనె రంగులేని నీరులా ఉండదు, నారింజ ఎరుపు రంగులో మెరుస్తుంది. రంగు తేనెనూ మామూలు తేనెనూ పక్కపక్కనే పెట్టి చూసినప్పుడు బల్లులు రంగు తేనె వైపే మొగ్గు చూపాయి.

ఈ బల్లులు ఎండలో తిరిగినా, డేగల కంట పడకుండా దాక్కోవడానికి వాటికి ముళ్ళ ఆకుల మొగలిపొద కావాలి. అక్కడి మొగలి జాతులు అనేకం ఆ దీవికే సొంతం. ట్రొకీషియాలోనే ఇంకో జాతి మొక్కలను పరిశీలించినప్పుడు, మొగలిపొదకు దగ్గరగా ఉన్న వాటి పూలకు బల్లులు ఎక్కువగా వచ్చాయి, కాయలు కూడా ఎక్కువగా కాశాయి. మొగలిని తీసేస్తే పక్కనున్న మొక్క గొడ్డుపోతుందని దీన్నిబట్టి అర్థమవుతుంది.

మరి ఆ బల్లులకు చీమల వల్ల వచ్చిన ఇబ్బంది ఏమిటి?

తెల్లకాళ్ళ చీమ అనే బయటి జాతి ఒకటి దీవిలో స్థిరపడింది. అది మన తోటల్లో కనిపించే చీమల్లాగే పిండినల్లిని కాపలా కాస్తూ, దాని ఒంటి నుంచి కారే తీపి జిగురును తాగుతుంది. రుస్సియా పూల మీద, పండ్ల మీద పిండినల్లి చేరితే, ఈ చీమలు మట్టితో చిన్న గూళ్ళు కట్టి వాటిని కప్పేస్తాయి. బల్లి వస్తే గుంపుగా దాడి చేసి తరిమేస్తాయి. బల్లి రాని పువ్వు కాయ కాయదు, బల్లి నాకని పండు గింజ ఎక్కడికీ పోదు. బియ్యపుగింజంత కూడా లేని ఒక చీమ, ఆ మొక్క జీవితచక్రాన్ని రెండు చోట్ల తెంపేస్తోంది.

గోరింకలను మిడతల కోసమే తెచ్చారట, నిజమేనా?

ఔను. ఫ్రెంచివారి కాలంలో ఎర్ర మిడతల దండు పంటలను తినేస్తూ ఉంటే, 1762లో మన దేశం నుంచి గోరింకలను తీసుకెళ్ళి వదిలారు. ఒక పురుగును అదుపు చేయడానికి దాని శత్రువును ఒక దేశం నుంచి ఇంకో దేశానికి ఉద్దేశపూర్వకంగా తీసుకెళ్ళిన తొలి ఉదాహరణల్లో ఇది ఒకటిగా పేరుపొందింది. మిడతల బెడద తగ్గిందని చెబుతారు. అయితే గోరింక మిడతలతో ఆగే పక్షి కాదు. స్థానిక పక్షులు గూళ్ళు పెట్టుకునే చెట్టుతొర్రలను ఆక్రమించింది, విదేశీ మొక్కల పండ్లను తిని గింజలను అడవి లోపలికి చేరవేసింది.

చెరకుకు అక్కడ ఏ పురుగులు పడతాయి?

మన అనకాపల్లి రైతుకు తెలిసినవే ప్రధానంగా రెండు రకాలు: కాండం తొలిచే పురుగు, వేరు పురుగు. రెండూ బయటి నుంచి వచ్చినవే. 20వ శతాబ్దం తొలి రోజుల్లో బార్బడోస్ దీవి నుంచి, బహుశా చెరకు మొక్కల వేళ్ళ మట్టిలో, ఒక పెంకుపురుగు వచ్చి చేరింది. దాని పిల్లపురుగు నేలలో ఉండి చెరకు వేళ్ళను కొరికేసేది. రాత్రిళ్ళు కూలీల చేత పెద్ద పురుగులను ఏరించినా ఫలితం దక్కలేదు. చివరకు బార్బడోస్‌లోనే ఈ పురుగును వేటాడే ఒక కందిరీగను తెచ్చి వదిలారు. ఆడ కందిరీగ నేలలోకి దిగి, వేరు పురుగును కుట్టి చచ్చుపడేలా చేసి, దాని మీద గుడ్డు పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ పురుగునే తిని పెరుగుతుంది.

ఒక జీవిని తెచ్చి ఇంకొకదాన్ని అదుపు చేయడం మంచిదా, చెడ్డదా?

ఎంత జాగ్రత్తగా చేశారన్నదాని మీద ఆధారపడుతుంది. గోరింక కనపడిందల్లా తింటుంది కాబట్టి ముప్పు తెచ్చింది. పైన చెప్పిన కందిరీగకు వేరు పురుగే కావాలి. మొక్కల విషయంలోనూ అంతే: అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల నుంచి వచ్చిన కార్డియా పొద చెరకు గట్లను, బీళ్ళను కమ్మేసినప్పుడు, ట్రినిడాడ్ నుంచి దాని ఆకులు తినే పెంకుపురుగును, దాని గింజల్లో గుడ్లు పెట్టే చిన్న కందిరీగ జాతిని 1947 తర్వాత తెచ్చి వదిలారు. అవి ఆ పొద జోలికి తప్ప ఇంకో మొక్క జోలికి పోలేదు. కొన్నేళ్ళలోనే పొద అదుపులోకి వచ్చింది. కలుపు నివారణ చరిత్రలో ఇది గొప్ప విజయాల్లో ఒకటి.

చైనా జామను ప్రజలు ఇష్టంగా తింటారు. దాన్ని ఎందుకు పీకేస్తున్నారు?

పేరు చైనా జామ అయినా దాని పుట్టిల్లు బ్రెజిల్. కాయ ఉసిరికాయ కంటే కొంచెం పెద్దదిగా, ఎర్రగా, పులుపు కలిసిన తీపితో ఉంటుంది. కాపు కాలంలో కుటుంబాలు సంచులు పట్టుకుని కొండలెక్కి, కోసిన కాయను ఉప్పు, కారం అద్దుకుని అక్కడే తింటారు. దాని రుచిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ చెట్టు అడవిలో మనిషి దూరలేనంత దట్టంగా అల్లుకుంటుంది. దాని కింద నల్లచేవ మొలకకు గాని, తంబలకోక్ మొలకకు గాని వెలుతురు అందదు. పందులు, కోతులు, పక్షులు కాయలు తిని గింజలను ఇంకా లోపలికి తీసుకుపోతాయి. అందుకే జాతీయ ఉద్యానవనంలో కొన్ని భాగాలకు కంచె వేసి, జింకలను, పందులను బయట ఉంచి, చైనా జామను చేతితో పీకిస్తున్నారు. అలా శుభ్రం చేసిన మడుల్లో స్థానిక మొలకలు మళ్ళీ తలెత్తుతున్నాయి. వదిలేస్తే జామ మళ్ళీ వచ్చేస్తుంది కాబట్టి ఏళ్ళ తరబడి కలుపు తీస్తూనే ఉండాలి.

అక్కడి సంతలో కూరగాయల పేర్లు మనకు తెలిసినట్టే వినిపిస్తాయి, ఎందుకని?

1834 నుంచి సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయులు చెరకు తోటల కూలికి మారిషస్ చేరారు. వారిలో కోరంగి రేవు మీదుగా వెళ్ళిన తెలుగువారూ ఉన్నారు. వారిని ఆ రేవు పేరుతోనే పిలిచేవారు. దక్షిణాది కూరలు, ఆకుకూరలు వాటి పేర్లతో సహా దీవి భాషలో కలిసిపోయాయి. మునగాకును అక్కడ బ్రెడ్ మురుం అంటారు, బ్రెడ్ అంటే ఆకుకూర. కరివేపాకు కరిపులే అయింది, బీరకాయ పిపంగాయ్ అయింది. ఈ పదాల్లో తమిళపు ఛాయ ఎక్కువ. చామాకు బ్రెడ్ సోంజ్. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవుదినం. పచ్చడికి కావలసిన మామిడి, చింత రెండూ దీవిలోనే పండుతాయి.

వనిల్లా ఆ ప్రాంతపు మొక్కేనా?

కాదు, మెక్సికోది. పక్కనున్న రీయూనియన్ దీవికి 19వ శతాబ్దం మొదట్లో తెచ్చి నాటితే తీగ పెరిగింది గాని కాయ కాయలేదు. 1841లో ఎడ్మండ్ ఆల్బియస్ అనే 12 ఏళ్ళ బానిస బాలుడు, సన్నటి పుల్లతో పువ్వు లోపలి పలుచటి రేకును పైకెత్తి, బొటనవేలితో పుప్పొడిని కీలాగ్రానికి అదిమి పట్టే పద్ధతి కనిపెట్టాడు. పువ్వు ఒక్క ఉదయమే విచ్చుకుని ఉంటుంది, ఆ కొద్ది గంటల్లోనే ఈ పని జరగాలి. ఇప్పటికీ వనిల్లా పండించే చోటల్లా, మన కేరళ, కర్ణాటక తోటల్లో సైతం, ఆ బాలుడి పద్ధతే నడుస్తోంది.

దోమల సంగతి ఏమిటి? మలేరియా భయం ఉందా?

ఇప్పుడు స్థానికంగా మలేరియా లేదు. ఒకప్పుడు ఉన్నది మాత్రం భయంకరమైన మలేరియా. దాన్ని మోసే దోమలు ఓడల ద్వారా చేరాక, 1866 నుంచి 1868 దాకా సాగిన మహమ్మారిలో పదుల వేల మంది చనిపోయారు. సముద్రతీరపు పోర్ట్ లూయీని విడిచి, శక్తి ఉన్నవారు చల్లటి మెట్టప్రాంతమైన క్యూర్‌పీప్‌కు తరలిపోయారు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లోని బేగంపేటలో దోమ కడుపులో మలేరియా క్రిమిని గుర్తించిన రోనాల్డ్ రాస్, పదేళ్ళ తర్వాత మారిషస్ వచ్చి, మడుగులు పూడ్చి నీరు నిలవకుండా చేయాలని సూచించారు. డీడీటీ చల్లడం మొదలయ్యాక ప్రధానమైన దోమ జాతుల్లో ఒకటి దీవి నుంచి పూర్తిగా తుడిచిపెట్టుకుపోయింది. 1973లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మారిషస్‌ను మలేరియారహితంగా ప్రకటించింది. 1975 తుఫాను తర్వాత అది తిరిగి తలెత్తినా, మళ్ళీ అణచగలిగారు. చికున్‌గున్యా మోసే పులిదోమ మాత్రం ఇప్పటికీ ఉంది, కాబట్టి పగటిపూట కూడా ఒళ్ళు కప్పుకోవడం మేలు.

పాంప్లిమూస్ ఉద్యానవనంలో తప్పక చూడవలసినవి ఏవి?

అందరూ అమెజాన్ పెద్ద కలువల దగ్గరే ఆగిపోతారు. తాంబాళంలా అంచు పైకి లేచిన ఆ ఆకులు చూడవలసినవే. తెలుగువారు మాత్రం శ్రీతాళం దగ్గర కొంతసేపు నిలబడాలని నా మనవి. దక్షిణాదిన తాళపత్ర గ్రంథాలు రాసుకున్న ఆకు దాని ఆకే. ఆ చెట్టు 30 నుంచి 80 ఏళ్ళ వయసులో ఒక్కసారే, తల మీద బ్రహ్మాండమైన గెల వేసి పూస్తుంది, కాయలు పండాక చచ్చిపోతుంది. లవంగం, జాజికాయ మొక్కలు 1770లో ఈ దీవికి చేరిన కథ కూడా ఈ తోటతో ముడిపడినదే. డచ్చివారి గుత్తాధిపత్యాన్ని ఛేదించి వాటిని రహస్యంగా తెప్పించిన పియెర్ పువావ్ర్ ఈ తోటను పెంచారు.

ఊరి నుంచి విత్తనాలు, కరివేపాకు మొక్క తీసుకెళ్ళవచ్చా?

ముందస్తు అనుమతి, మన వ్యవసాయ అధికారులు ఇచ్చే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా తీసుకెళ్ళకూడదు. సంచిలో ఏదైనా ఉంటే దిగగానే అధికారులకు చెప్పండి. ఇది వేధింపు కాదని అర్థం కావడానికి ఒక్క ఉదాహరణ చాలు. మన మామిడి తోటల్లో కాయలో గుడ్లు పెట్టే పండుఈగ 1996లో మారిషస్‌లో బయటపడింది. మన రైతులు వాడే, మగ ఈగలను వాసనతో రప్పించే మిథైల్ యూజినాల్ ఎరలనే పెద్దఎత్తున పెట్టి వాటిని చంపి, ఎర కలిపిన మందు చల్లి, మూడేళ్ళు కష్టపడితే గాని అది పోలేదు. మన సంచిలోని ఒక్క పురుగుపట్టిన మామిడిపండు అంత పని పెట్టగలదు.

అన్నిటికంటే అరుదైన మొక్క ఏది?

మారిషస్ దేశానికే చెందిన రోడ్రిగ్స్ దీవిలో కఫే మర్రోన్ అనే కాఫీ కుటుంబపు మొక్క అంతరించిపోయిందని అందరూ అనుకుంటూ ఉండగా, 1980లో ఒక బడిపిల్లవాడు దారి పక్కన ఒకే ఒక్క పొదను గుర్తించాడు. వార్త పొక్కగానే మందుకు పనికొస్తుందని జనం కొమ్మలు విరవడం మొదలుపెట్టారు, కంచె మీద కంచె వేసి దాన్ని కాపాడవలసి వచ్చింది. కొమ్మలు లండన్ క్యూ ఉద్యానవనానికి పంపితే అక్కడ వేళ్ళు పట్టాయి, పూలూ పూశాయి. కాయ మాత్రం 2003 దాకా పట్టలేదు. ఆ గింజల నుంచి వచ్చిన మొక్కలు తర్వాత పుట్టింటికి చేరాయి.

అంతటి అదృష్టం ఇంకా దక్కని చెట్టు క్యూర్‌పీప్ ఉద్యానవనంలో ఉంది. అది ఒక తాటిజాతి చెట్టు, దాని జాతిలో ప్రపంచానికి తెలిసిన చెట్టు అదొక్కటే. గాలికి విరగకుండా చుట్టూ ఊతచట్రం కట్టారు. ఆ ఒక్క చెట్టు మీదే మగపూలు, ఆడపూలు రెండూ పూస్తాయి గాని, ఒకే సమయంలో పూయవు. మగపూలు రాలిపోయాకే ఆడపూలు విచ్చుకుంటాయి.